కేబులా, డిషా? మా అత్తమ్మని అడగండి

మామయ్య పోయాక పుంగనూరు ఇంట్లో అత్తమ్మ ఒక్కరే ఉంటున్నారు. మదనపల్లెకు వచ్చెయ్యమంటే రారు. పోయినేడు దసరాకు మా మరిది బెంగళూరు నుంచి వచ్చి, కేబుల్ తీసేయించి మిద్దె మీద డిష్ పెట్టించాడు. బొమ్మ బాగా వస్తుందనీ, డబ్బులు తనే ఫోన్లో కట్టేస్తాననీ, నెలనెలా కేబులతను వచ్చి తలుపు కొట్టే బాధ ఉండదనీ అన్నాడు. అందరికీ సబబుగానే తోచింది. నేనూ తలూపాను.

సంక్రాంతి అయ్యాక ఒకరోజు మధ్యాహ్నం చూసి వద్దామని వెళ్ళాను. పన్నెండు దాటితే ఆ ఇంట్లో ఎస్వీబీసీలో శ్రీవారి కల్యాణం మోగుతూ ఉండాలి. చడీచప్పుడూ లేదు. టీవీ మీద తువ్వాలు కప్పి ఉంది.

"ఏమైందత్తా?"

"ఏమోమ్మా, ఇంగ్లీషులో ఏందో రాస్తా ఉండాది, బొమ్మ రాలేదు. పదకొండు దినాలయింది."

"మరి చెప్పలేదే!"

"వాడు ఆఫీసు పనిలో ఉంటాడు. నువ్వు పిల్లోడి పరీక్షల్లో ఉండావు. టీవీ కోసరం ఫోన్ చేస్తే ఏం బాగుంటుంది?"

రీచార్జి అయిపోయింది, అంతే. ఆ మెసేజీ వెళ్ళింది మరిది ఫోనుకి, అతను పనిలో పడి మరిచాడు. నేను చెప్పగానే ఐదు నిమిషాల్లో కట్టేశాడు. కానీ ఆ పదకొండు రోజులూ ఆమె ఎలా పొద్దు పుచ్చారో నేను అడగలేదు. అడగడానికి నాకే మొహం చెల్లలేదు.

కేబులా డిషా అని ఎవరైనా అడిగితే ఇప్పుడు నేను చానళ్ళ లెక్క మాట్లాడను. టీవీ ఆగిపోయిన రోజున ఆ ఇంట్లో ఉండేదెవరు, వాళ్ళు ఎవరిని పిలవగలరు అని అడుగుతాను. మన ఇళ్ళల్లో టీవీ ఎక్కువ చూసేది ఒకరు, డబ్బు కట్టేది ఇంకొకరు. డబ్బు కట్టేవాళ్ళే నిర్ణయిస్తారు. వచ్చిన చిక్కల్లా అదే.

ధర సంగతి అంటారా? కేబుల్ చవక, డిష్ ఖరీదు అన్నది పాత మాట. 2019 ఫిబ్రవరి నుంచి ట్రాయ్ కొత్త పద్ధతి పెట్టింది. మొదటి వంద చానళ్ళకు నెలకు 130 రూపాయలు, పైన పన్ను, ఆపైన మనం కోరుకున్న పే చానళ్ళ ధర. ఒక చానల్ గరిష్ఠ ధర ఎంతో ఆ చానల్ వాళ్ళే ప్రకటించాలి, కేబుల్‌కైనా డిష్‌కైనా అదే ధర. 2024లో ఆ 130 పరిమితి కూడా ఎత్తేశారు కాబట్టి ఎవరెంత తీసుకుంటున్నారో ఇప్పుడు అడిగి తెలుసుకోవలసిందే. అయినా ఒకే చానళ్ళు తీసుకుంటే ఈ రెంటికీ తేడా కాస్త అటూ ఇటూ. మా ఇంట్లో ఆ తేడా నెలకు రెండు కట్టల కొత్తిమీర దాటలేదు.

వానకు డిష్ ఆగిపోతుందన్నది మాత్రం నిజమే. దాదాపు 36,000 కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహం నుంచి ఇంటి చిన్న డిష్‌కు వచ్చే తరంగాలు జోరువానలో బలహీనపడతాయి. కేబుల్ వాళ్ళూ ఆకాశం నుంచే తెచ్చుకుంటారు గానీ, వాళ్ళవి పెద్ద పెద్ద డిష్‌లు. చాలా చానళ్ళను వాళ్ళు తీసుకునే తరంగాలు కూడా వానకు అంతగా లొంగని రకం. అలాగని కేబుల్ గొప్పదని కాదు. వీధిలో కరెంటు పోతే మనింట్లో ఇన్వర్టర్ ఉన్నా లాభం లేదు, దారిలో ఉన్న వాళ్ళ పెట్టెలు పనిచేయవు. ఎత్తుగా లోడు వేసుకున్న లారీ ఒకటి మా వీధి మలుపులో తిరిగిందంటే వైరు తెగినట్టే. అందుకే మదనపల్లెలో మాకు డిషే. మాది అద్దె ఇల్లు, ఇన్వర్టర్ ఉంది, ఫోన్లో కట్టడం నాకు వచ్చు. మాకది సరిపోయింది.

కుప్పంలో మా అక్కకు అసలు ఎంచుకునే అవకాశమే లేదు. వాళ్ళది ఊరవతల తోటలో ఇల్లు, కేబుల్ స్తంభాలు అంతదూరం రాలేదు. డిష్ పెట్టబోతే సరిగ్గా అది చూడాల్సిన దిక్కున కొబ్బరిచెట్టు! చెట్టు కొట్టనివ్వకుండా బావ గొడవ చేసి, డిష్‌నే నీళ్ళ ట్యాంకు మీదికి ఎక్కించాడు. కుప్పం మూడు రాష్ట్రాల కూడలి కదా, ఆ ఇంట్లో అత్తగారికి తమిళ సీరియళ్ళు, బావకు కన్నడ వార్తలు, అక్కకు తెలుగు కావాలి. చానళ్ళ ప్యాకేజీలేమో భాషకొకటి కట్టి అమ్ముతారు. మూడు మూటలూ కొంటే బిల్లు పెరగదా మరి. అక్క ఒక ఆదివారం కూర్చుని, ఎవరూ చూడని ఆటల చానళ్ళు, ఇంగ్లీషు సినిమాలవి తీసేయించి, కావలసినవి విడివిడిగా పెట్టించుకుంది. ఆ పని మనలో ఎంతమందిమి చేశాం?

పుంగనూరులో మళ్ళీ కేబులే పెట్టించాం. మరిది కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. "వెనక్కి పోతున్నాం వదినా" అన్నాడు. పోతే పోయాం. 2017 డిసెంబరులో మొదలైన సర్కారు ఫైబర్‌నెట్ కూడా ఇళ్ళకు చేరింది ఈ వీధి కేబుల్ వాళ్ళ చేతుల మీదుగానే కదా, వాళ్ళను అంత తేలిగ్గా తీసెయ్యలేం.

ఇప్పుడు రిమోట్‌లో ఏదో నొక్కుకుని తెర నీలంగా మారితే, అత్తమ్మ గుమ్మంలో నిలబడి ఎదురింటి పిల్లాణ్ణి కేక వేస్తారు. వాడు పోయి చెబితే కేబుల్ అబ్బాయి సాయంత్రంలోగా వస్తాడు. "అవ్వా, మళ్ళీ ఆ పైన మీట నొక్కినావా?" అని నవ్వి, సరిచేసి, కాఫీ తాగి పోతాడు. అతని కూతురికి అంగన్‌వాడీలో పేరు రాయించారన్న సంగతి నాకు తెలిసింది అత్తమ్మ ద్వారానే.

నెల డబ్బు నేనే పంపేస్తానని మరిది మళ్ళీ అన్నాడు. అత్తమ్మ ఒప్పుకోలేదు.

"వద్దులేరా. ఆ పిల్లోడే వచ్చి తీసుకుపోనీ."