పక్కింటి పెద్దమ్మ కాదు, క్షయ

“సారూ, ఇది దవాఖానల తక్కువయ్యే రోగం గాదు. మాకెవరో చేసిండ్రు.”

మెదక్‌లో ఓపీలో కూర్చునే డాక్టరుకు ఈ మాట కొత్త కాదు. ఒకసారి ఇలా అన్నది ఓ తల్లి. ఇంటర్ చదివే కూతురికి మూడు నెలలుగా దగ్గు, సాయంత్రమైతే జ్వరం. మనిషి పుల్లలా అయిపోయింది. ఏడాది కిందట ఆ ఇంట్లోనే తాత ఇలాగే దగ్గుతూ పోయాడు. ఒకరి తర్వాత ఒకరికి రావడమే వాళ్ల అనుమానానికి ఆధారం. ఎవరు చేశారో కూడా తేల్చుకున్నారు: పక్కింట్లో ఒంటరిగా ఉండే పెద్దమ్మ! తెమడ పరీక్ష చేయిస్తే క్షయ బయటపడింది.

ఇది మన పల్లెల అమాయకత్వం మాత్రమే అనుకోవద్దు. అమెరికాలోని రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో ఎక్సెటర్ అనే ఊరుంది. అక్కడ బ్రౌన్ కుటుంబంలో ముందు తల్లి, తర్వాత పెద్ద కూతురు క్షయతో చనిపోయారు. 1892 జనవరిలో 19 ఏళ్ల మెర్సీ పోయింది. కొడుకు ఎడ్విన్ మంచం పట్టాడు. చనిపోయిన వాళ్లలో ఒకరు రక్తపిశాచిగా మారి అతన్ని పీల్చేస్తున్నారని ఊరు నమ్మింది. ఆ మార్చిలో సమాధులు తెరిచారు. చలికాలం కావడంతో మెర్సీ శరీరం అంతగా చెడలేదు, గుండెలో రక్తం కనిపించింది. అదే రుజువన్నారు. అక్కడే ఉన్న డాక్టరు ఇదంతా సహజమేననీ, ఊపిరితిత్తుల్లో క్షయ లక్షణాలున్నాయనీ చెప్పాడు. ఎవరూ వినలేదు. గుండెను కాల్చి, ఆ బూడిదను ఎడ్విన్‌తో తాగించారు. రెండు నెలలు తిరగకుండానే అతనూ చనిపోయాడు.

క్షయకు కారణమైన బ్యాక్టీరియాను రాబర్ట్ కాక్ 1882 మార్చి 24న ప్రపంచానికి ప్రకటించాడు. అంటే ఈ ఘోరం జరిగే నాటికే పదేళ్లయింది! సైన్సు సమాధానం కనిపెట్టినంత మాత్రాన అది ఇంటి గడప దాటి లోపలికి రాదు.

రక్తపిశాచి కథలో తవ్వింది చచ్చినవాళ్ల సమాధి. మన దగ్గర వేటాడేది బతికున్న మనుషులను. మంత్రం పలకకుండా పళ్లు ఊడగొట్టిన ఉదంతాలు ఈ జిల్లాకు తెలుసు. 2024 అక్టోబరులో రామాయంపేట మండలం కాట్రియాలలో బాణామతి అనుమానంతో ఓ మహిళకు నిప్పంటించి చంపేశారు. ఇలా నింద పడేది ఎక్కువగా అండలేని వాళ్ల మీదే.

తప్పు జనానిదే అని చేతులు దులుపుకోలేను. మా ఓపీలో రద్దీ ఎక్కువ. చీటీ రాస్తాం, రోగం ఎలా వచ్చిందో చెప్పం. “నాకే ఎందుకు?” అన్న ప్రశ్నకు మేం జవాబివ్వకపోతే భూతవైద్యుడు ఇస్తాడు. అతని జవాబులో ఒక మనిషి పేరుంటుంది.

జవాబు కష్టమేమీ కాదు. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవారు దగ్గినప్పుడు క్రిములు గాలిలో కలుస్తాయి. ఒకే ఇంట్లో, ఒకే గదిలో ఉండేవారికి ముందుగా సోకుతాయి. సోకిన నెలలకో ఏళ్లకో రోగం బయటపడవచ్చు. ఇంట్లో వరసగా జబ్బుపడటానికి కారణం ఇదే.

రెండు వారాలకు మించిన దగ్గు, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గడం, తెమడలో రక్తం కనిపిస్తే ప్రభుత్వాసుపత్రికి రండి. పరీక్ష, మందులు ఉచితం. మామూలు క్షయకు సాధారణంగా ఆరు నెలల చికిత్స. పోషకాహారం కోసం నెలకు రూ.1000 రోగి బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఇంట్లో ఒకరికి క్షయ తేలితే పిల్లలతో సహా అందరూ పరీక్ష చేయించుకోవాలి. ఊగిపోవడం, ఫిట్స్, ఒంట్లో ఎవరో చేరినట్టు మాట్లాడటం కూడా చికిత్స ఉన్న సమస్యలే. మానసిక సమస్యలకు టెలీ మానస్ 14416కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు. మీ వీధిలో ఎవరిమీదైనా చేతబడి నింద మొదలైతే, గుంపు కూడకముందే 100కు ఫోన్ చేయండి.

ఆ అమ్మాయి ఆరు నెలలు మందులు వాడి కోలుకుంది. ఆఖరిసారి వచ్చినప్పుడు తల్లి నవ్వుతూ దండం పెట్టింది. పక్కింటి పెద్దమ్మతో మళ్లీ మాట్లాడుతున్నారా అని మాత్రం నేను అడగలేదు. అడగాల్సింది. ఆ ఇంట్లో నయం కావాల్సిన రెండో జబ్బు అదే.