మోత వద్దు, మోతాదు ముద్దు

దసరా, దీపావళి వచ్చాయంటే మన ఇళ్లలోకి కొత్త చీరలతో పాటు ఏదో ఒక కొత్త డబ్బా కూడా వచ్చి కూర్చుంటుంది. టీవీకో, పాత స్టీరియోకో జత చేస్తామంటూ పిల్లలు తెచ్చే సబ్‌వూఫర్ అలాంటిదే. మొదటి రోజు ఇల్లంతా సంబరం. వారం తిరక్కముందే అత్తగారికి గుండెదడ, పక్కింటి పసిబిడ్డకు నిద్ర కరువు, మనకు తలనొప్పి. "తీసి సజ్జ మీద పడెయ్ రా" అని మనం, "నీకు తెల్వదమ్మా, ఊకో" అని వాళ్లు!

తగవు అక్కర్లేదు. పెట్టిన చోటు, తిప్పిన నాబ్ సరిచేస్తే అదే డబ్బా బుద్ధిగా పలుకుతుంది. ఆ పని మనమే చేసుకోవచ్చు. కూరలో ఉప్పు చూసే నాలుక మనకుంటే, పాటలో మోతాదు చూసే చెవి కూడా మనకున్నట్టే.

దాని పనేమిటి?

మనిషి చెవికి సెకనుకు 20 కంపనాల నుంచి 20,000 కంపనాల దాకా వినిపిస్తాయి. ఈ లెక్కనే హెర్ట్జ్ అంటారు. గజ్జెల చప్పుడు పైమెట్టు. తబలాలో ఎడమచేతి డగ్గా, ఆకాశంలో ఉరుము కిందిమెట్టు. కిందిమెట్టు పలకాలంటే చాలా గాలిని కదిలించాలి. చిన్న స్పీకర్లకు అంత బలం ఉండదు. అందుకే ఈ పెద్ద పెట్టె. 5.1 అని రాసి ఉంటుంది చూడండి, ఆ చుక్క తర్వాతి ఒకటి దీని కోసమే.

ఎక్కడ పెట్టాలి?

ఖాళీ ఉందని మూలకు తోస్తాం. రెండు గోడలూ, నేలా కలిసి శబ్దాన్ని ఇంకా పెంచుతాయి. 40 హెర్ట్జ్ శబ్దం ఒక్క అల పొడవే సుమారు 28 అడుగులు. మన గది పన్నెండో పద్నాలుగో అడుగులు. ఆ అల గోడలకు కొట్టుకుని తిరిగొచ్చి ఒకచోట కుప్పపడుతుంది, ఇంకోచోట మాయమవుతుంది. సోఫాలో వినబడనిది తలుపు దగ్గర దడదడలాడేది ఇందుకే.

ఉపాయం ఏమిటంటే, పెట్టెను మనం కూర్చునే చోట పెట్టి, దరువు బాగా ఉన్న పాట వేయండి. ముగ్గు వేసేటప్పుడు వంగినట్టు వంగి, గోడల వెంట మెల్లగా నడవండి. దరువు ఎక్కడ శుభ్రంగా వినబడితే పెట్టెను అక్కడికి మార్చండి.

తగిలించడం, తిప్పడం

ముందు స్విచ్చులన్నీ ఆపండి. ఆంప్లిఫయర్‌కు "సబ్ అవుట్" ఉంటే ఒక్క పిన్ను వైరు చాలు. పాత స్టీరియోకు అది ఉండకపోవచ్చు. అప్పుడు స్పీకరు వైర్లు నేరుగా తగిలించే వీలున్న సబ్‌వూఫరే కొనాలి. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలపాలి.

క్రాసోవర్ నాబ్‌ను 80 దగ్గర పెట్టి మొదలుపెట్టండి. మరీ చిన్న స్పీకర్లయితే 100, 120 దాకా పోవచ్చు. వార్తలు చదివే మగగొంతు బిందెలోంచి వచ్చినట్టుంటే కొంచెం తగ్గించండి. ఫేజ్ అని 0, 180 స్విచ్చు ఉంటుంది. ఒకరు కూర్చుని వింటుంటే ఇంకొకరు మార్చి చూడండి. ఎటు నిండుగా ఉంటే అటే ఉంచండి.

ఇక వాల్యూమ్. సున్నా నుంచి పెంచుతూ వచ్చి, వినబడగానే పిసరంత తగ్గించండి. పెట్టె ఆపితే పాట బోసిపోవాలి. వేస్తే అది ఏ మూలనుందో తెలియకూడదు. "అదిగో అక్కడ మోగుతోంది" అని వేలు చూపించగలిగితే ఇంకా ఎక్కువున్నట్టే లెక్క.

ఇల్లాలి జాగ్రత్తలు

* అలమారలో స్టీలు బోళ్లు గలగలమంటే కింద పాత తువ్వాలు పరవండి.
* పెట్టె చెక్కపొట్టు అట్టది. తడిగుడ్డ నీళ్లు తగిలితే ఉబ్బుతుంది. చిన్న పీట మీద పెట్టండి.
* పెట్టెకున్న రంధ్రంలో బల్లులు, ఎలుకపిల్లలు దూరుతాయి. అప్పుడప్పుడు టార్చితో చూడండి.
* ఊరికే "గుయ్"మంటుంటే టీవీ ఉన్న స్విచ్‌బోర్డులోనే దీన్నీ పెట్టి చూడండి.

ఇరుగుపొరుగు మాట

పాట మన గోడ దగ్గర ఆగినా దరువు ఆగదు, పక్కింటి మంచం దాకా పోతుంది. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లుండే చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్సే హద్దు. రాత్రంటే 10 నుంచి ఉదయం 6 దాకా. 2024లో హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజే మోతను నిషేధించిందీ జనం పడే బాధ చూసే. మా హుస్నాబాద్‌లో ఎల్లమ్మ జాతరప్పుడు డప్పు ఎంత మోగినా ముద్దే, అది ఆరుబయట. పన్నెండడుగుల గదిలో అంత మోతకు చోటెక్కడిది?

అందుకే పది కొట్టగానే సబ్‌వూఫర్ స్విచ్చు ఆపేయండి. చిన్న స్పీకర్లతో పాట వినబడుతూనే ఉంటుంది. పక్కింటి పసిబిడ్డా పడుకుంటుంది, మన అత్తగారూ పడుకుంటారు.