వీణకి ఊరి పేరెందుకు?

మొన్న బందరు నుంచి మా వదినగారు ఫోను చేశారు. మనవరాలికి దసరాకి వీణ కొనాలట. "బొబ్బిలిది మంచిదా, తంజావూరుదా? మైసూరుదయితే ఇంకా హుందాగా వుంటుందంటున్నారు. నువ్వేమంటావు?" అని అడిగారు. పిల్ల ఎంత ఎత్తుంది, బాసింపట్టు వేసుకుని ఎంతసేపు కూర్చోగలదు, ఎడమచెయ్యి మొదటి మెట్టు దాకా అందుతుందా, ఇవేవీ ఆవిడ చెప్పలేదు. పట్టుచీర కొన్నట్టు, ధర్మవరమా కంచా అన్నట్టు, ఊరి పేరొక్కటే అడిగారు.

ఆవిణ్ణేమీ అనను. మనందరిదీ అదే వరస. కానీ ఒక్క సంగతి నాకు బొత్తిగా అర్థం కాదు. మంచినీళ్ళ కుండ కొనాలంటే వేలితో కొట్టి, మోత విని కొంటాం. పెడన కలంకారీ చీర తెచ్చుకుంటే కొంగు మూల తడిపి, రంగు దిగుతుందేమో చూసిగాని ఇంకోటి కొనం. చిలకలపూడి నగల పక్కన పుట్టి పెరిగినవాళ్ళం గనక గిల్టు గొలుసుని వీధి అవతలి నుంచే పోల్చేస్తాం. ఇంత గడుసువాళ్ళం, వీణ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మోత వినం! దానికీ వున్నది కుండే కదండీ!

ఆ ఊళ్ళ పేర్లు వట్టివని నేననడం లేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసమాను దుంగని తొలిచి, కుండా దండీ అన్నీ ఒకే కర్రలోంచి తీస్తారు. ఆ పనితనానికి చేతులెత్తి నమస్కారం పెట్టాలి. తంజావూరు వాళ్ళదీ పనసకర్రే. నగిషీ వాళ్ళ సొత్తు. మైసూరు వైపు రోజ్‌వుడ్ వాడే ఆచారం వుంది. బొబ్బిలి వీణకీ, తంజావూరు వీణకీ ప్రభుత్వం వారి భౌగోళిక గుర్తింపు కూడా వుంది. మరి మన నూజివీడు? గుడివాడ మీదుగా హనుమాన్ జంక్షన్ దాటితే వచ్చే ఊరు. మామిడిపళ్ళ బుట్టకి తప్ప మనం దాని పేరు తలవం. అక్కడ ముస్లిం పనివారు తరాలుగా సరస్వతీదేవి చేతిలోని వాద్యాన్ని చెక్కుతున్నారు. 2022లో జిల్లాలు చీల్చి నూజివీడుని ఏలూరు జిల్లాలో కలిపారు గాని, వీణ దెబ్బతింటే మనం పరుగెత్తాల్సింది మాత్రం ఇప్పటికీ అక్కడికే.

అసలు గొడవ ఏమిటంటే, ఊరి పేరు కర్ర సంగతి చెబుతుంది, చెక్కడం సంగతి చెబుతుంది. స్వరం సంగతి చెప్పదు.

ఇది నాకు చెప్పినవాడు ఇంజనీరింగు చదివే మా మనవడు. వాడికి వీణంటే తెలియదు. వాడిది గిటారు. కొనుక్కోవడానికి విజయవాడ వెళ్తూ నన్నూ వెంటబెట్టుకు వెళ్ళాడు. కొట్లో యమహా, గివ్‌సన్, ఇంకా ఏవేవో ముందేసుకుని ఒక్కొక్కటీ ఒళ్ళో పెట్టుకున్నాడు. తీగ విడిగా మీటాడు, పన్నెండో మెట్టు మీద నొక్కి మళ్ళీ మీటాడు. తీగ ఎంత ఎత్తున వుందో కన్ను ఆనించి చూశాడు. వేలు నొప్పి పుడుతుందేమో నొక్కి చూశాడు. ధర ఆఖర్న అడిగాడు. నేను విసుక్కుంటే వాడన్నాడు గదా, "నానమ్మా, యమహావాడు యంత్రాల మీద చేస్తాడు. ఒకే రకంలో ఒకదానికీ ఇంకోదానికీ పెద్ద తేడా వుండదు. ఆ పేరుకి నాలుగు డబ్బులు ఎక్కువిచ్చినా నష్టం లేదు. అయినా నేను విననిదే కొనను."

యంత్రం మీద తయారయ్యే గిటారుకే అంత పరీక్ష! వీణ చేత్తో చేసేది. ఒకే ఊళ్ళో, ఒకే పనివాడి చేతిలో, ఒకే నెలలో తయారైన రెండు వీణలు అక్కచెల్లెళ్ళలా వుంటాయి గాని అచ్చు గుద్దినట్టు వుండవు. అలాంటిదానికి పేరు హామీ ఎలా అవుతుంది?

పైగా గిటారుకి మెట్లు కర్రలోకి దిగగొట్టి వుంటాయి. వీణకి అలా కాదు. తేనెమైనంలో నల్లపొడి కలిపిన ముద్దని దండి పొడుగునా పరిచి, దాని మీద 24 కంచు మెట్లని ఒక్కొక్కటే చెవితో విని నిలబెడతారు. దాన్నే మేళం కట్టడం అంటారు. మైనం కదా, రోహిణికార్తె ఎండకి మెత్తబడుతుంది. రోజూ నొక్కగా నొక్కగా మెట్టు వెంట్రుకవాసి దిగుతుంది. పైగా బందరు ఉప్పుగాలి ఉక్కు తీగని వూరికే వదలదు. తుప్పు పట్టి ఒకచోట లావూ, ఒకచోట సన్నమూ అయిన తీగ ఏ మెట్టు మీద ఏం పలుకుతుందో ఆ సరస్వతికే తెలియాలి.

ఇదంతా నాకు పదకొండేళ్ళప్పుడు ఎవరైనా చెప్పివుంటే!

1972లో మా నాన్నగారు మద్రాసు వెళ్ళి వీణ తెచ్చారు. "అసలైన తంజావూరు వీణ, ఇరవయ్యేళ్ళు చూసుకోనక్కర్లేదు" అని కొట్టువాడు చెప్పాడట. ఆ కొట్టు పేరెందుకు లెండి. యాళి ముఖానికి బంగారు రంగు, కుండ మీద తెల్లటి దంతపు పువ్వులు. ఈడేపల్లి మొత్తం వచ్చి చూసి వెళ్ళింది. మండువేసవిలో రైల్లో వచ్చిన ఆ వీణకి మేళం ఎలా వుందో చూపించాలని ఎవరికీ తోచలేదు. తంజావూరుది కదా మరి!

రెండేళ్ళు నేర్చుకున్నాను. గీతాల దగ్గర ఆగిపోయాను. "పిల్లకి శ్రుతి జ్ఞానం లేదండీ" అని మేష్టారు అమ్మతో అన్న మాట వంటింటి గుమ్మంలోంచి విన్నాను. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నేను మాత్రం ఆ తర్వాత గుళ్ళో హారతి పాటకి కూడా నోరు విప్పలేదు. శ్రుతి లేనిదాన్ని కదా! పెళ్ళిచూపుల్లో "అమ్మాయికి వీణ వచ్చు" అని చెప్పుకోవడానికి ఆ రెండేళ్ళూ పనికొచ్చాయి. సారెతో పాటు గుడివాడ వచ్చిన వీణ ముసుగు వేసుకుని హాల్లో కూర్చుంది, నాలాగే.

నిరుడు మా మనవడు ఆ ముసుగు తీశాడు. గిటారు సరిచూసుకునే యంత్రమేదో వాడి ఫోనులో వుంది. ఒక్కొక్క మెట్టూ నొక్కి చూసి, "నానమ్మా, దీని మీద ఎవరు వాయించినా తప్పే పలుకుతుంది" అన్నాడు. యాభై ఏళ్ళ మైనం, అప్పుడు బాగానే వుండి ఇప్పుడు దిగిందేమో అంటారా? నేనూ అలాగే సరిపెట్టుకుందామనుకున్నాను. కానీ అప్పుడే ఒక సంగతి గుర్తుకొచ్చింది. ఒకరోజు పాఠం మధ్యలో మేష్టారు నా వీణ తీసుకుని నాలుగు స్వరాలు వాయించి, మొహం చిట్లించి, "ఇది వద్దులే, నాది ఇటు తే" అన్నారు. ఆయన చెవికి తెలిసింది. తంజావూరు వీణని తప్పుపట్టడానికి మాత్రం నోరు రాలేదు. పదకొండేళ్ళ పిల్లని తప్పుపట్టడం తేలిక.

అందుకే చెబుతున్నాను, వీణ కొనేవాళ్ళు నగిషీ తర్వాత చూడండి. ముందు తీగలు శ్రుతి చేయించండి. సారణి విడిగా మీటితే షడ్జం. దాన్నే 12వ మెట్టు మీద నొక్కితే పై షడ్జం తేడా లేకుండా రావాలి. పంచమం తీగ 5వ మెట్టు మీదా, మంద్రం తీగ 12వ మెట్టు మీదా విడి సారణితో కలిసిపోవాలి. కలిసిన చోట రెండు తీగలున్నట్టే తెలియదు. నాదం అలలా వూగిందా, మెట్టు తప్పిందన్నమాట. ఇందుకు సంగీత పరిజ్ఞానం అక్కర్లేదు, పెసరట్టు కాలిన చప్పుడు పోల్చగల చెవి చాలు. తర్వాత ఒక మెట్టు మీదే తీగని పక్కకి లాగమనండి. పై రెండు మూడు స్వరాలు సుళువుగా పలకాలి. పిల్ల వేలు కోసుకుపోయేంత ఎత్తున తీగలుంటే, మంచి కర్ర వుండీ లాభం లేదు. మంద్రం ఒక్కసారి మీటి ఊరుకోండి, నాదం ఎంతసేపు నిలుస్తుందో వినండి. గరగరమంటే బ్రిడ్జి మీది లోహపు రేకుని ఆకురాయితో సరిచెయ్యాలి. ఆ వంపులోనే వుంది సగం మాధుర్యం.

"మా గురువుగారు చెప్పిన చోటే కొంటాం" అంటారు కొందరు. భేషుగ్గా కొనండి. కొట్టు పేరు చెప్పించుకుని రాకండి, ఆయన్ని వెంట తీసుకెళ్ళి ఆ వీణ మీదే వాయించమనండి.

ఏకాండి వీణ కాకపోతే మహాపాపమన్నట్టు మాట్లాడేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. అవనిగడ్డలో మా దొడ్డమ్మది అతుకుల వీణే. 1977 నవంబరు 19 ఉప్పెనలో తడిసి మెడ దగ్గర అతుకు విడిపోయింది. మనుషులే పోయిన ఆ రోజుల్లో వీణ గురించి ఎవరు ఆలోచిస్తారు? ఏడాది తర్వాత నూజివీడు పంపి అతికించి, మేళం కొత్తగా కట్టించింది. బతికున్నన్నాళ్ళూ దాని మీదే వాయించింది. దివిసీమ చెమ్మకి ఒకే కర్ర మేలన్న మాట నిజమే, కాదనను. కానీ మంచి మేళం వున్న అతుకుల వీణ ముందు, మేళం దిగిన ఏకాండి వీణ వట్టి కర్ర.

ఏనుగు దంతం నిషేధమయ్యాక ఇప్పుడు కుండ మీద పూసేవి ప్లాస్టిక్కు పువ్వులు. ఆ డబ్బు దాచి ఏటా మేళం చూపించుకోండి, తీగలు మార్పించుకోండి.

నా వీణకి కొత్త మేళం కట్టించాను. మళ్ళీ సరళీ స్వరాల దగ్గర మొదలుపెట్టాను. మా ఆయన పేపరు అడ్డం పెట్టుకుని వింటూంటారు. వచ్చే ఆదివారం వదినగారినీ, పిల్లనీ, పిల్ల టీచరుగారినీ నూజివీడు తీసుకెళ్తున్నాను. యాళి ముఖానికి బంగారు రంగు వుండి తీరాలని వదినగారు ఇంకా పట్టుబడుతూనే వున్నారు.