లెక్క ఒక్కటే, మాటలే రెండు

బట్లహళ్ళి చుట్టుపక్కల పల్లెల్లో ఎన్నో ఇళ్ల మాట తెలుగు, బడిలో పుస్తకం కన్నడం. తొమ్మిది, పది తరగతుల బీజగణితం దగ్గర ఈ తేడా మన పిల్లలకు అడ్డు కాకూడదు. మన బహుపది అక్కడ బహుపదోక్తి. మన కారణాంకం అక్కడ అపవర్తన. మన శూన్యాలు అక్కడ శూన్యతెగళు. పేరు మారినా లెక్క మారదు.

ఎక్స్ ఘనం – 2 ఎక్స్ వర్గం – 5 ఎక్స్ + 6 తీసుకుందాం. గుణకాలన్నీ కూడితే 1 – 2 – 5 + 6 = 0. కనుక 1 ఒక శూన్యం, (ఎక్స్ – 1) ఒక కారణాంకం. దానితో భాగిస్తే ఎక్స్ వర్గం – ఎక్స్ – 6 వస్తుంది. అది (ఎక్స్ – 3)(ఎక్స్ + 2). శూన్యాలు 1, 3, –2. పిల్లలు తరచూ మరిచేది ఆ రుణ సంఖ్యనే.

ఐదో ఘాతానికి అన్ని సందర్భాల్లో పనికొచ్చే మూలాల సూత్రం ఉండదని నార్వే గణితజ్ఞుడు ఆబెల్ 1824లో నిరూపించాడు. అందుకే కారణాంకాలుగా విడగొట్టే నేర్పుకు అంత విలువ.

రాజ్యాంగం 350ఎ అధికరణం మాతృభాషలో బోధనకు వసతులు కల్పించమన్నది ప్రాథమిక దశకే. ఉన్నత పాఠశాలలో ఆ లోటు మనమే పూడ్చుకోవాలి. ఉపాధ్యాయులు ప్రతి కొత్త మాటనూ రెండు భాషల్లో బోర్డుపై రాయాలి. తల్లిదండ్రులు మార్కులు అడిగేముందు “ఈ 1 ఎలా వచ్చింది?” అని తెలుగులో అడగాలి. ఇంటి మాటలో చెప్పగలిగిన బిడ్డ పరీక్షలో ఏ భాషకూ జంకదు.