పాత పోలీసు జీపు మనకు ఇస్తారట!

కండెమ్ చేసిన పోలీసు జీపు ఒకటి ఏజెన్సీలో ఏదైనా స్వచ్ఛంద సంస్థకో, యువజన సంఘానికో దానంగా ఇస్తే పేషెంట్లను ఆస్పత్రికి చేర్చడానికి పనికొస్తుంది కదా అనే మాట ఈమధ్య మన గ్రూపుల్లో బాగా తిరుగుతోంది. కొందరు తమ్ముళ్లు "ఊరికే వస్తుంటే ఎందుకు వదలాలి అన్నా, తీసుకుందాం" అంటున్నారు. ఇంకొందరు "పోలీసోళ్ల బండి మన ఊళ్లోకా? ఎవడెక్కుతాడు దాన్ని" అంటున్నారు. రెండు మాటల్లోనూ న్యాయం ఉంది. కానీ గొడవంతా పోలీసుల గురించే నడుస్తోంది, బండి గురించి ఎవరూ మాట్లాడటం లేదు. ముందు బండి సంగతి చూద్దాం.

ఎస్సై గారు తిరిగే బొలెరో ఆయన సొంతం కాదు, ఎస్పీ గారి సొంతం కూడా కాదు. అది ప్రభుత్వ ఆస్తి. ఇన్నేళ్లు వాడాం, ఇన్ని కిలోమీటర్లు తిరిగింది, ఇక రిపేరు చేయించడం దండగ అని పోలీసు మోటారు విభాగం వాళ్లు చూసి రాస్తే దాన్ని కండెమ్ చేస్తారు. తర్వాత అది జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ మైదానంలో ఎండకు ఎండి వానకు తడుస్తూ ఉంటుంది. ఒకరోజు పేపర్లో చిన్న ప్రకటన వస్తుంది, ధరావత్తు కట్టినవాళ్లు వేలంలో పాడుకుంటారు. ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ద్వారా ఆన్‌లైన్‌లో వేలం వేయడం కూడా ఉంది. వచ్చిన డబ్బు ఖజానాకు పోతుంది. కాబట్టి ఎవరో ఒక అధికారి స్టేజీ మీద మన చేతిలో తాళంచెవి పెట్టి ఫొటో దిగితే బండి మనదైపోదు. వేలం వేయకుండా దానంగా ఇవ్వడానికి పైనుంచి రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి, ఆర్సీ మన పేరు మీదకి మారాలి. అది లేకుండా రోడ్డెక్కితే రేపు ఆ జీపు ఎవరినైనా గుద్దినప్పుడు కోర్టు మెట్లెక్కేది మనమే.

(ఇక్కడ ఒక మాట. కండెమ్ అయిన బండి వేరు, కేసులో పట్టుకుని స్టేషన్ ఆవరణలో పడేసిన బండి వేరు. మన కుర్రాళ్ల బైకులు ఎన్ని అలా తుప్పు పడుతున్నాయో! పట్టుకున్న వాహనాలను ఏళ్ల తరబడి స్టేషన్లలో ఉంచొద్దని సుప్రీంకోర్టు 2002లోనే సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో చెప్పింది. బండిని తాత్కాలికంగా విడిపించుకోవడానికి కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దీని మీద ఇంకోసారి వివరంగా రాస్తాను.)

ఇప్పుడు అసలు చిక్కు. 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్రం కొత్త రూలు తెచ్చింది. పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయరు. వాటిని గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి పంపి తుక్కు చేయాల్సిందే. రక్షణకు, శాంతిభద్రతలకు వాడే కవచం ఉన్న వాహనాల్లాంటి ప్రత్యేక బళ్లకు మినహాయింపు ఉంది గానీ మామూలు స్టేషన్ జీపుకు లేదు. అంటే ఎవరైనా మనకు జీపు ఇస్తామంటే అడగాల్సిన మొదటి ప్రశ్న "దాని వయసెంత?" అని. పదిహేను దాటితే అది బండి కాదు, ఇనుము. పదేళ్లకే కిలోమీటర్లు ఎక్కువై కండెమ్ అయినదైతే మాట్లాడుకోవచ్చు. అయితే ఏజెన్సీలో పదేళ్లు ఘాట్ రోడ్లెక్కి దిగిన జీపు గేర్ బాక్సు, క్లచ్ ప్లేట్లు, బ్రేకులు ఎలా ఉంటాయో సర్వీసు జీపు నడిపే ఏ డ్రైవరన్ననైనా అడగండి, నవ్వుతాడు.

ఇన్సూరెన్స్ సంగతి ఇంకా తమాషా. మోటారు వాహనాల చట్టం 146వ సెక్షన్ ప్రకారం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ లేకుండా ఏ బండీ రోడ్డెక్కకూడదు. కానీ వ్యాపారానికి వాడని ప్రభుత్వ వాహనాలకు ఆ సెక్షన్లోనే మినహాయింపు ఉంది. అంటే అన్నేళ్లు ఇన్సూరెన్స్ లేకుండా దర్జాగా తిరిగే హక్కున్న జీపుకు, మన చేతికి వచ్చిన రోజునుంచే ఇన్సూరెన్స్ కావాలి. ఏటా ప్రీమియం, ఫిట్‌నెస్, పొల్యూషన్ సర్టిఫికెట్, డీజిల్, టైర్లు, డ్రైవర్ జీతం. ఇవన్నీ ఎవరిస్తారు? దానం ఇచ్చేవాడి పని ఒక్కరోజుతో అయిపోతుంది. తీసుకున్నవాడు నెలనెలా కట్టాలి. సంతలో మిరియాలు, చింతపండు, అడ్డాకులు అమ్ముకుని బతికే ఊళ్లు చందాలేసుకుని పాత జీపుకు డీజిల్ పోయించాలా?

"అంబులెన్స్ చేద్దాం" అంటున్న తమ్ముళ్లకు కూడా ఒక మాట. బండి మీద ఎర్ర ప్లస్ గుర్తు వేసి, లోపల బల్ల పెడితే అంబులెన్స్ అవదు. అంబులెన్స్ ఎలా ఉండాలో దేశంలో ఏఐఎస్-125 అనే ప్రమాణం ఉంది. మొదట చేరి ప్రథమ చికిత్స చేసే వాహనం, పేషెంటును తీసుకెళ్లేది, ప్రాణాధార పరికరాలుండేది అంటూ రకరకాలుగా విభజించారు. స్ట్రెచర్ ఎంత గట్టిగా బిగించాలో కూడా అందులో రాసి ఉంది. పోలీసు జీపు ఆ లెక్కకు రాదు. మహా అయితే మనుషుల్ని ఎక్కించుకుని పోయే జీపుగా వాడుకోవచ్చు, అంతే.

ఇంత చెప్పాను కాబట్టి నేను జీపు వద్దంటున్నానని అనుకోకండి. నాకు తెలుసు, జీపుకు ఒక గొప్ప గుణం ఉంది. 108 బండి పొడుగు, కిందికి ఉంటుంది, గెడ్డ దాటలేదు, మట్టి ఘాటీ ఎక్కలేదు. ఎత్తుగా ఉండే జీపు, అందులోనూ నాలుగు చక్రాలూ లాగేదైతే, ఇంకో మూడు నాలుగు కిలోమీటర్లు లోపలికి వస్తుంది. నొప్పులు పడుతున్న మన అక్కను డోలీలో మోసేవాళ్లకు ఆ నాలుగు కిలోమీటర్లు అంటే ఏమిటో పట్నంలో కూర్చున్నవాళ్లకు తెలియదు. వానలో, చీకట్లో, భుజాలు మార్చుకుంటూ జారే గట్టు మీద గంటా గంటన్నర నడక. కొన్ని ప్రాణాలు ఆ గంటన్నరలోనే పోతాయి. 108 సర్వీసు 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. ఇన్నేళ్లకి కూడా పాడేరు, సీతంపేట, ఉట్నూరు కొండల్లో డోలీ ఆగలేదు. అందుకే "ఊరికే వస్తుంటే తీసుకుందాం" అన్న తమ్ముడి మీద నాకు కోపం రాదు. వాడు డోలీ మోసిన భుజంతో ఆ మాట అంటున్నాడు.

ఇక రెండో వైపు. పోలీసు బండి అంటే మన ఊళ్లలో భయం ఊరికే రాలేదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద తుపాకులు పేలాయి. 2007 ఆగస్టులో వాకపల్లిలో పదకొండుమంది ఆదివాసీ మహిళలు పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని ఫిర్యాదు ఇచ్చారు. పదహారేళ్లు తిరిగాక 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు దర్యాప్తు సరిగా చేయలేదని తప్పుపట్టింది, నిందితుల్ని వదిలేసింది, ఆ మహిళలకు పరిహారం ఇవ్వమంది. నేరం రుజువు కాలేదు, పరిహారం మాత్రం ఇవ్వాలి. దీన్ని ఏమనుకోవాలో మీరే చెప్పండి. ఆ తరం అమ్మలు జీపు చప్పుడు వింటేనే పిల్లల్ని ఇంట్లోకి పిలిచేవాళ్లు. ఆ చప్పుడే అర్ధరాత్రి కాన్పుకి తీసుకెళ్లడానికి వచ్చిందంటే వాళ్లు నమ్మడానికి టైం పడుతుంది.

ఇంకో ప్రమాదం ఉంది, దాని గురించి ఎవరూ బయటికి మాట్లాడరు, నేను మాట్లాడతాను. పోలీసులు ఇచ్చిన జీపు స్టీరింగ్ పట్టుకున్న కుర్రాడు ఒకవైపు వాళ్లకు ఇన్‌ఫార్మర్‌లా కనిపిస్తాడు. ఇంకోవైపు వాళ్లు "మా బండి వాడుతున్నావు కదా, ఊళ్లోకి ఎవరెవరు వస్తున్నారో చెప్పు" అంటారు. ఈ రెండు రాళ్ల మధ్య నలిగిన మన కుర్రాళ్లు ఎంతమందో అందరికీ తెలుసు. సివిక్ యాక్షన్ ప్రోగ్రాం పేరుతో వాలీబాల్ కిట్లు, దుప్పట్లు, మెడికల్ క్యాంపులు చూశాం. మందులిచ్చిన డాక్టర్లకు దండం పెడతాను, నిజంగా. కానీ వైద్యం ఆరోగ్య శాఖ నుంచి రావాలి గానీ ఖాకీ నుంచి ఎందుకు రావాలి? టీచర్ రాని ఊరికి పోలీసు పలకలు పంచితే అది దయ అంటారు, టీచర్ ఎందుకు రాలేదని మాత్రం అడగరు.

ఒక చిన్న తమాషా కూడా గుర్తుచేసుకోవాలి. మన మన్యంలో పోలీసు సామాను జనం చేతికి రావడం ఇదే మొదటిసారి కాదు. 1922 ఆగస్టులో వరసగా మూడు రోజులు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల నుంచి అల్లూరి దళం తుపాకులు పట్టుకుపోయింది. అప్పుడు ఎవరూ రిబ్బన్ కత్తిరించలేదు.

సరే, మరి ఏం చేద్దాం? నా అభిప్రాయం చెబుతాను, ఒప్పుకోకపోతే కామెంట్లో తిట్టండి. జీపు వస్తే అది సంఘం పేరు మీద కాదు, ఏ నాయకుడి పేరు మీద అంతకన్నా కాదు, ఐటీడీఏ పేరు మీదకి మారాలి. డ్రైవర్ జీతం, డీజిల్, ఇన్సూరెన్స్ ఐటీడీఏనే భరించాలి. ఆంధ్రలో 2013 నుంచి సబ్‌ప్లాన్ చట్టం ఉంది, తెలంగాణలో 2017 నుంచి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం ఉంది. డబ్బు లేదనే మాట చెల్లదు. బండి ఏ ఊళ్లకు తిరగాలో, రాత్రిపూట ఎక్కడ ఉండాలో పెసా కింద మన గ్రామసభ తీర్మానం చేయాలి. పోలీసు రంగు, గుర్తు పూర్తిగా చెరిపేయాలి. దాని మీద ఫలానావారి దానం అని రాయకూడదు. ఈ షరతులకు ఒప్పుకుంటే తీసుకుందాం, ఎవరి బండైనా సరే. ఒప్పుకోకపోతే దాన్ని వేలానికి పోనివ్వండి.

దాంతోపాటే రోడ్డు అడగాలి. పీఎంజీఎస్‌వై కింద ఐదో షెడ్యూలు ప్రాంతంలో 250 జనాభా ఉన్న ఆవాసానికి రోడ్డు వేయాలి. పీఎం జన్‌మన్ వచ్చాక పీవీటీజీ ఆవాసాలకు ఆ లెక్క 100కి తగ్గింది. మన ఊరు ఆ జాబితాలో ఉందా, ఉంటే పని ఎందుకు ఆగింది, అటవీ అనుమతి దగ్గరా, కాంట్రాక్టర్ దగ్గరా? సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడిగితే కాగితం మీద జవాబు ఇవ్వాల్సిందే. రోడ్డు పడేదాకా సాలూరులో పెట్టిన గిరిశిఖర గర్భిణుల వసతి గృహంలాంటివి ప్రతి ఐటీడీఏలో కావాలి. నెలలు నిండకముందే వెళ్లి అక్కడ ఉంటే డోలీ ఎక్కే అవసరమే రాదు.

వచ్చే గ్రామసభకు ముందు మీ ఊరి ఆశా అక్కను కలిసి ఈ వానాకాలంలో కాన్పు తేదీలు ఉన్నవాళ్లు ఎంతమందో, వాళ్ల ఇళ్లకు బండి వచ్చే చివరి చోటు ఏదో, అక్కడి నుంచి ఎంత నడవాలో రాసుకోండి. జీపు సంగతి ఆ కాగితం ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం.