సంఘం వాళ్లొచ్చారు... తలుపేసుకోండి!

ఆదివారం సాయంత్రం నాలుగింటికి మీటింగని వారం ముందు నుంచీ చెబుతూనే ఉన్నాం. అయిదొందల కరపత్రాలు అచ్చు వేయించి ఇంటింటికీ పంచాం. మా కాలనీ చివర, ఆడపిల్లల హైస్కూలుకి వెళ్లే దారిలో, కిరాణాకొట్టు ముసుగులో ఒక బెల్టుషాపు నడుస్తోంది. దాన్ని ఎత్తించాలన్నదే ఆ మీటింగు. రామాలయం పక్కన అరుగుమీద జంపఖానా పరిచి, బ్యానరు కట్టి కూచున్నాం. అయిదున్నరకి లెక్కపెడితే పదకొండు మంది. అందులో అయిదుగురం మా మహిళాసంఘం వాళ్లమే. మరో ఇద్దరు గుడికొచ్చి, కాళ్లు లాగి, కాసేపు కూలబడ్డవాళ్లు. మిగతా నలుగురిలో ఒకావిడ మధ్యలోనే లేచి ‘కుక్కరు పెట్టాలమ్మా’ అంటూ వెళ్లిపోయింది.

ఇదే బెల్టుషాపుని కుళాయి దగ్గర, పాలకేంద్రం దగ్గర తిట్టని ఆడది మా కాలనీలో లేదు. ‘ఎవరైనా ఏదైనా చెయ్యాలండీ’ అంటారు. ఆ ఎవరైనా మేమే అనుకుని బయల్దేరితే వెనకాల చూసుకునేసరికి ఎవరూ ఉండరు. ఇరవై ఏళ్ల నుంచీ ఇదే వరస. ఒక్కోసారి ఆ కరపత్రాలన్నీ పొయ్యిలో పెట్టేసి హాయిగా టీవీ ముందు కూచోవాలనిపిస్తుంది, నిజం చెప్పొద్దూ!

మర్నాడు కూరగాయల బండి దగ్గర ఒకావిడ కలిసింది. ‘రావాలనే అనుకున్నానండీ. కానీ మీరు జెండా కట్టారు కదా... మావారు చూస్తే ఊరుకోరు’ అంది. పక్కనున్న ఇంకొకావిడ బెండకాయలు విరిచి చూస్తూ, ‘మీ సంఘంలో అందరూ మొగుళ్లని వదిలేసినవాళ్లేనటగా?’ అనేసింది. నాకు ఒళ్లు మండింది. మా అయిదుగురిలో నలుగురికి భర్తలున్నారని, అయిదో ఆవిడ భర్త పోయారని ఆ బండి దగ్గరే గట్టిగా లెక్క చెప్పాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. మొగుణ్ణి వదిలేసినావిడైతే మాత్రం బెల్టుషాపు గురించి మాట్లాడకూడదా? మంచి ఇల్లాళ్లమని సర్టిఫికెట్ చూపించుకుంటేనే నోరు విప్పాలా? వాళ్లు పెట్టిన పరీక్షకి నేనెందుకు కూచున్నట్టు?

ఈ మాటలు కొత్తవేం కాదు. 1974లో హైదరాబాదులో విద్యార్థినులు ప్రగతిశీల మహిళాసంఘం పెట్టి వరకట్నం మీద, వేధింపుల మీద, అశ్లీల పోస్టర్ల మీద గొంతెత్తినప్పుడూ ‘ఈ ఆడపిల్లలకి పెళ్లిళ్లవుతాయా?’ అన్నవాళ్లున్నారు. ఆడదాని అన్యాయాన్ని ఆడదే బయటపెడితే ముందు ఆమె నడత మీద పడతారు. 1978లో పోలీస్ స్టేషన్లో అత్యాచారానికి గురైన రమీజాబీని చివరికి ఏ రకం ఆడదని ముద్రవేయాలని చూశారో పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

అయితే మరి దూబగుంట మాటేమిటి? నెల్లూరు జిల్లాలోని ఆ పల్లెలో రోశమ్మ, ఆమెతోటి ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డప్పుడు వాళ్లని ఎవరూ ఇల్లు కూల్చేవాళ్లనలేదు. 1992లో జిల్లా అంతటా చీపుర్లు, కారప్పొడి పట్టుకుని ఆడవాళ్లు రోడ్డెక్కారు. సారా వేలంపాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధించారు. 1995లో సంపూర్ణ మద్యనిషేధమే వచ్చింది. 1997లో దాన్ని సడలించేశారు, అది వేరే కథ. 2019లో దశలవారీ నిషేధమన్నారు. 2024 అక్టోబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో మళ్లీ ప్రైవేటు దుకాణాలే. రోశమ్మ 2016లో కన్నుమూసింది.

ఆ ఉద్యమానికి మేం చెయ్యలేని పని ఒకటి ముందే జరిగింది. అక్షరాస్యతా ఉద్యమం పేరుతో ఆ ఆడవాళ్లు రాత్రిబళ్లలో రోజూ కలుసుకునేవారు. వాచకంలో సీతమ్మ కథ చదివారు. తాగుబోతు మొగుడితో పడే కష్టం నీదీ నాదీ ఒకటేనని పలకాబలపం పట్టుకుని కూచున్నప్పుడే వాళ్లకి తెలిసింది. మీటింగుకి రమ్మని పిలిచేవాళ్లు, వచ్చేవాళ్లు అని రెండు రకాల మనుషులు అక్కడ లేరు. మేమో... నెలకోసారి కరపత్రం పట్టుకుని తలుపు తడతాం, వాళ్లు తియ్యలేదని అలుగుతాం.

మా తప్పులు కూడా చెప్పుకోవాలి కదా. సాయంత్రం నాలుగింటికి మీటింగు పెడితే స్కూలు నుంచొచ్చే పిల్లలకి, ఆదివారమైతే ఇంటికొచ్చే చుట్టాలకి టిఫిను ఎవరు పెడతారు? పైగా నాలుగంటే అయిదున్నరకి మొదలుపెడతాం. ఒకసారి నేనే ‘పితృస్వామ్యం’ గురించి అరగంట దంచి కొడితే, ఒక ముసలమ్మ ‘ఆ స్వామి ఏ ఊళ్లో ఉంటాడే?’ అని పక్కావిణ్ణి అడిగింది. అందరూ నవ్వారు, నేను తప్ప. అప్పుడే నవ్వి ఉంటే ఆవిడ మళ్లీ వచ్చేదేమో! ఇక మా ఊళ్లో రెండు సంఘాలున్నాయి. జెండా రంగు దాదాపు ఒకటే. మార్చి ఎనిమిదిన రెండూ ఒకే టైముకి రెండు వీధుల్లో విడివిడిగా సభలు పెడతాయి. రెండింటికీ జనం రారు. ఎందుకు విడిపోయాయో మా అమ్మాయికి చెప్పబోయి మధ్యలో నాకే గందరగోళమైపోయింది.

అదే మార్చి ఎనిమిదిన ఫంక్షన్ హాల్లో ముగ్గులపోటీ, మ్యూజికల్ చైర్స్ పెడితే హాలు కిటకిటలాడుతుంది. వాళ్లని నేను తప్పు పట్టను. ఏడాదికో పూట ఇల్లు వదిలి వచ్చి, పట్టుచీర కట్టుకుని, నలుగురితో నవ్వడం కూడా వాళ్లకి అవసరమే. మా దగ్గర మరి నవ్వెక్కడుంది? డిగ్రీ చదివే పిల్ల ఒకతి మొహం మీదే అంది: ‘ఆంటీ, మీరెప్పుడూ కోపంగానే ఉంటారు. భయమేస్తుంది.’

ఇంతకీ ఆ మీటింగయిన పది రోజులకి ఒకటి జరిగింది. ఆవిడని అడిగి, ఆనవాళ్లు కొన్ని మార్చి రాస్తున్నాను. రాత్రి పదకొండు దాటాక మా తలుపు దబదబా బాదారు. చూస్తే ఆ మీటింగుకి రానివాళ్లలో ఒకావిడ. పెదవి చిట్లి ఉంది, కాళ్లకి చెప్పుల్లేవు, వెనకాల కూతురు. బెల్టుషాపు నుంచి వచ్చిన మనిషి ఏం చేశాడో అడగక్కర్లేదు. మా సంఘంలో ఇంకో ఇద్దరికి ఫోను చేసి ఆటోలో స్టేషన్‌కి వెళ్లాం.

అక్కడున్నాయన ‘మొగుడూ పెళ్లాల గొడవకి అర్ధరాత్రి స్టేషనేమిటమ్మా, పొద్దున్నే రండి’ అన్నాడు. తర్వాత మా మొహాలు పరికించి చూశాడు. ‘మీరు సంఘం వాళ్లు కదూ? రేప్పొద్దున మళ్లీ గేటు ముందు కూచుంటారు!’ అంటూ విసుక్కుని కాగితం లాగాడు. ఫిర్యాదు రాసుకున్నాడు, ఆస్పత్రికి పంపించాడు. కాలనీలో మాకు ఏ పేరైతే శాపమైందో, ఆ రాత్రి ఆ స్టేషన్లో అదే పనికొచ్చింది.

తెల్లారుఝామున తిరిగొస్తుంటే ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ‘అక్కా, మీతో వచ్చానని ఎవరికీ చెప్పకండి’ అంది. నాకు నొప్పి కలగలేదంటే అబద్ధం. కానీ ఆవిడ మళ్లీ ఆ ఇంట్లోనే, ఆ వీధిలోనే బతకాలి. అలిగే హక్కు నాకెక్కడిది?

వచ్చే మీటింగు ఉదయం పదకొండింటికి పెట్టాం, పిల్లలు స్కూళ్లకీ మగవాళ్లు పనులకీ వెళ్లాక. ఉపన్యాసం ఉండదు. బెల్టుషాపు వల్ల ఎవరికేం జరిగిందో వాళ్లే చెబుతారు, మేం రాసుకుని ఎక్సైజు వాళ్లకి అర్జీ ఇస్తాం. జెండా సంగతి మాత్రం మాలో మాకే తెగలేదు. అది లేకపోతే పది మంది ఎక్కువొస్తారని నేనంటున్నాను. ఆ జెండా తెలుసు కాబట్టే ఆ రాత్రి కాగితం కదిలిందని ఆటోలో నాతో వచ్చినామె అంటోంది. ఆమె మాటా కొట్టెయ్యలేను.

కూరగాయల బండి దగ్గర జెండా గురించి చెప్పినావిడ నిన్న కబురు పంపింది. ‘కింద కూచోలేనివాళ్లుంటారు కదా, మా ఇంట్లో ఆరు కుర్చీలున్నాయి, పట్టుకెళ్లండి. మావారు అడిగితే భజనకని చెబుతాను’ అని. ఈ సంగతి పేపర్లో రాస్తే ఆయనకి తెలిసిపోదూ అని ఫోను చేసి అడిగాను. ఆవిడ నవ్వేసింది. ‘రాసుకోండి, ఫర్వాలేదు. ఆడవాళ్ల పేజీ ఆయన ముట్టుకోరు’ అంది.