ఇంటికి రాకుండానే ఇంటి కంప్యూటరు



కిందటి ఆదివారం మా ఇంట్లో ఒక వింత జరిగింది. నేను పడకకుర్చీలో కూచుని పేపరు చదువుకుంటున్నాను. ఎదురుగా బల్లమీది కంప్యూటరు దగ్గర ఎవరూ లేరు. ఉన్నట్టుండి తెరమీది బాణంగుర్తు దానంతటదే కదిలింది! ఒక ఫైలు తెరుచుకున్నది.

దయ్యమేమీ కాదు, హైదరాబాదు హాస్టలులో ఉన్న మా మనవరాలు. మర్నాడు బడిలో ఇవ్వవలసిన వ్యాసం ఇక్కడే మరిచి వెళ్లింది. నేను వెతికి పంపేసరికి తెల్లవారుతుందని దానికి తెలుసు. అంచేత తానే వచ్చి తీసుకుపోయింది, మనిషి రాకుండానే.

దీన్ని రిమోట్ డెస్క్‌టాప్ అంటారు. అక్కడ మీరు నొక్కిన మీటా, కదిపిన మౌసూ ఇక్కడికి కబురుగా వస్తవి. ఇక్కడి తెరమీద బొమ్మ అక్కడికి పోతుంది. పని మాత్రం ఇంటి కంప్యూటరే చేస్తుంది.

బొమ్మ పోవటం తేలికనుకున్నారా? పలకా బలపం తీయండి. తెరకు అడ్డంగా 1920 చుక్కలు, నిలువునా 1080. గుణిస్తే 20,73,600. ఒక్కొక్క చుక్క రంగు చెప్పటానికి 3 బైట్లు కావాలి. అంటే ఒక్క బొమ్మకు 62,20,800 బైట్లు! సెకనుకు 30 బొమ్మలు పంపితే 18 కోట్ల 66 లక్షలు దాటుతుంది. మన ఇళ్లకు వచ్చే ఇంటర్‌నెట్టు ఇంత బరువు మోయలేదు. అందుకని ఒక ఉపాయం చేశారు. తెరమీద ఎక్కడ మార్పు వచ్చిందో ఆ ముక్కను మాత్రమే, దాన్నీ బాగా కుదించి, పంపుతారు. మీరు ఒక అక్షరం కొడితే ఆ అక్షరం చుట్టూ ఉన్న కాస్త చోటే ప్రయాణం చేస్తుంది.

ఇంకొక చిక్కున్నది. ఇంట్లో కంప్యూటరుకు 192.168 తో మొదలయ్యే అంకెల చిరునామా ఉండటం మామూలు. అటువంటిదే మీ పక్కింట్లోనూ ఉండవచ్చు! "రెండో వీధి, మూడో ఇల్లు" అని ఊరి పేరు లేకుండా రాసిన ఉత్తరం ఎక్కడికని పోతుంది? బయటివారికి కనిపించేది వేరే చిరునామా. ఆ వాకిట్లో రౌటరు అనే పెట్టె కాపలా ఉంటుంది. కొందరు ఆ పెట్టెలో 3389 అనే తలుపు తెరిచి పెడతారు. అది మంచి పని కాదు. తెరిచి ఉన్న తలుపులకోసం రాత్రింబవళ్లు వెతికే దొంగ ప్రోగ్రాములున్నవి.

మేము క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ పెట్టుకున్నాము. ఇందులో ఇంటి కంప్యూటరే బయటికి కబురు చేసి, నడుమ ఉన్న సర్వరు దగ్గర పేరు చెప్పి ఉంచుతుంది. మనవరాలు అదే గూగుల్ ఖాతాతో అక్కడికి పోయి, 6 అంకెలకు తగ్గని పిన్ చెబితే సర్వరు ఇద్దరినీ కలుపుతుంది. కంప్యూటరు నిద్రపోకుండా సెట్టింగు మార్చాలి. మొదటి వారం ఇది మరిచిపోయి పాపం గంటసేపు దాన్ని తిప్పలు పెట్టాను! విండోస్‌లోనే ఉన్న రిమోట్ డెస్క్‌టాప్ వాడవచ్చు గాని, హోం రకం విండోస్ ఉన్న కంప్యూటరులోకి దాంతో ప్రవేశించలేము. ప్రో రకం కావాలి.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి, సిగ్గయినా సరే. రెండేళ్ల కిందట ఒకడు ఫోను చేసి, "మాష్టారూ, మీ పెన్షను ఆగిపోతుందండీ. ఈ ఆప్ వేసుకుని, తెరమీద వచ్చే తొమ్మిది అంకెలు చదవండి," అన్నాడు. ఎంతో మర్యాదగా మాట్లాడాడు. నలభై ఏళ్లు పిల్లలచేత ఎక్కాలు అప్పచెప్పించుకున్న నేను, బుద్ధిగా ఆరు అంకెలు అప్పచెప్పాను. ఏడోది నోట్లో ఉండగా మనవరాలు పరుగున వచ్చి, "తాతయ్యా, చెప్పకు!" అని ఫోను లాక్కున్నది. ఆ అంకెలు చెప్పి, తరవాత అడిగే అనుమతి నొక్కి ఉంటే, ఆదివారంనాడు మనవరాలు నా తెరను చూసినట్టే వాడూ నా బ్యాంకు ఖాతా చూసి ఉండును. ఆప్ తీసివేసి, 1930 కు ఫోను చేసి చెప్పాము.

ఈ నెల మీకొక పని. అమ్మా నాన్నల ఎదుట కంప్యూటరులో నెట్‌వర్కు సెట్టింగులు తెరిచి, ఐపీవీ4 చిరునామా ఎంతో చూడండి. మీ స్నేహితులనూ చూడమనండి. ఎన్ని ఇళ్లలో ఒకే అంకెలు వచ్చినవో రాసి ఉంచండి.